గరిక కింది పడుగులు

ఎక్కడో భూగోళానికి అవతలి వైపు సముద్రం అడుగున అగ్నిపర్వతం పేలితే నారాయణపేటలో మా గల్లీ మగ్గాలు ఆగిపోయాయంటే ఎవరూ నమ్మరు. నేను కళ్లారా చూశాను. ఆ చలికాలం మా గల్లీలో అందరి ఫోన్లలో ఒకటే వీడియో. ఎర్రటి నిప్పు, నల్లటి పొగ, వెనక నుంచి ఎవరో అచ్చం పక్కింటి మనిషిలా చెబుతున్నాడు: ఆ బూడిద గాలిల మన దిక్కే వస్తాందట, వారం దినాలు మంచుతోటి కురుస్తదట, నూలు మీద పడితే రంగు పోతదట. చెప్పినవాడి పేరు లేదు, ఊరు లేదు. పొద్దున గల్లీ గ్రూపులో వచ్చింది మధ్యాహ్నానికి నాలుగు దిక్కుల నుంచి మళ్లీ నాకే వచ్చింది. నాకు ఒళ్లు మండిపోయింది.

చీరకు నిలువునా వచ్చే దారాలే పడుగు. దానికి గంజి పెట్టేది మా దగ్గర వీధిలోనే. గల్లీ పొడవునా దారాలు సాగదీసి కట్టి, గంజి పట్టించి, ఎండ ముదరక ముందే రెండు వైపులా నిలబడి కుంచెలతో దువ్వాలి. ఆలస్యమైతే దారాలు అతుక్కుపోయి పడుగు దేనికీ పనికిరాదు. ఒకరిద్దరితో అయ్యే పని కాదు. అందుకే ఎవరింటి పడుగు బయటికి వచ్చినా మిగతా ఇళ్లవాళ్లు పిలవకుండానే కుంచెలు పట్టుకొని వస్తారు. కూలి మాట ఉండదు. రేపు వాళ్ల పడుగుకు మనం పోవాలి, అంతే.

ఆ వీడియో వచ్చాక ఎవరూ పడుగు బయట పెట్టలేదు. ఎదురింటి పెద్దమ్మ, వరసకే పెద్దమ్మ, గ్రహణం నాడు నీళ్లబిందె మీద వేసినట్టే, చుట్టిపెట్టిన పడుగుల మీద గరిక వేసి లోపల దాచింది. ఆమెను చూసి అందరూ గరిక కోసం ఊరి బయటి చెలకల వెంట పడ్డారు. అగ్నిపర్వతానికి గరిక వేసిన ఊరు ప్రపంచంలో మాదొక్కటేనేమో.

మా ఇంట్లో మగ్గం ఖాళీగా ఉంది. నాయిన పోయినప్పటి నుంచి దాన్ని నడిపేది అమ్మే. మాఘమాసం పెళ్లిళ్లకు చీరలు కావాలని షావుకారు కబురు మీద కబురు పంపుతున్నాడు. నేను సర్కారు బడిలో సోషల్ టీచర్ని. బడి నుంచి వచ్చి కూర్చుని వెతికాను. సముద్రంలో పర్వతం పేలింది నిజమే. వీడియోలోని నిప్పు మాత్రం దానిది కాదు. నేల మీది వేరే కొండది, ఎవరో ఎన్నో ఏళ్ల కిందట పెట్టింది. బూడిద పడింది అక్కడి దీవుల మీద. ఇదంతా గ్రూపులో రాసి, ఆ పాత వీడియో కూడా జత చేశాను. ఒకాయన దండం బొమ్మ పెట్టాడు. దాని కిందే మళ్లీ అదే వీడియో వచ్చింది.

అమ్మ ఫోన్ చూడదు. నా ముఖం చూసి ఏమైందని అడిగింది. చెప్పాను. అంతా విని ఒక్కటే మాట అడిగింది.

"పక్కానా బిడ్డా?"

"పక్కా అమ్మా."

"అయితే రేపు పొద్దుగాల పడుగు ఏద్దాం."

నాకు భయం పుట్టింది అప్పుడే. బూడిద పడదని నాకు తెలుసు. కానీ మనుషులు రాకపోతే? పడుగు పాడైతే అందరూ బూడిద వల్లే అంటారు. ఇంట్లో ఇంకో పడుగుకు నూలు కూడా లేదు.

తెల్లవారగానే ఇద్దరమే పడుగు సాగదీసి కట్టాం. అమ్మ గంజి పట్టించడం మొదలుపెట్టింది. అందరూ తలుపుల్లోంచి చూస్తున్నారు గానీ ఒక్కరూ గడప దాటడం లేదు. పెద్దమ్మ తన అరుగు మీద నిలబడి అడిగింది.

"బూడిద పడితే ఎట్లనే?"

అమ్మ తల ఎత్తలేదు. "పడదని నా బిడ్డ చెప్పింది."

పెద్దమ్మ లోపలికి వెళ్లిపోయింది. ఇక అయిపోయిందనుకున్నాను. ఎండ గోడల మీది నుంచి దిగుతోంది, నేను ఆదరాబాదరాగా దువ్వుతున్నాను. అంతలో ఎవరో నన్ను పక్కకు నెట్టారు. పెద్దమ్మే, చేతిలో కుంచెతో. గట్లనా దువ్వేది, దారాలన్నీ తెంపుతవు అని కసిరి నా చోట నిలబడింది. ఆమె వెనక ఆమె కోడలు, తర్వాత పక్కింటివాళ్లు. చూస్తుండగానే పడుగుకు రెండు వైపులా మనుషులు నిండారు. బూడిద మాట ఎవరూ ఎత్తలేదు.

పడుగు ఎండాక పెద్దమ్మ దారాల మీద అరచెయ్యి రాసి వెలుతురులో చూసుకుంది. చెయ్యి శుభ్రంగా ఉంది. ఇంటికి పోయి తన పడుగుల మీది గరిక తీసి మేకకు వేసింది. ఇప్పటికీ ఏ వీడియో వచ్చినా గల్లీవాళ్లు ముందు నాకు పంపి, టీచరమ్మా గిది నిజమేనా అని అడుగుతారు. గర్వంగానే ఉంటుంది, దాచుకోవడం దేనికి?

దానికంటే పెద్ద గర్వం ఇంకొకటి ఉంది. ఆ రోజు పడుగు చుట్టి లోపలికి తెచ్చాక అమ్మను అడిగాను, ఎవరూ రాకుండా పడుగు పాడైతే ఏం చేసేదానివని. అమ్మ గంజి గిన్నె కడుగుతూ చెప్పింది.

"పడుగు పోతే ఎట్లనో ఇంకోటి ఏసుకుంటం. గల్లీ అందరి ముంగట నీ మాట పోతే యాడికెల్లి తేవాలె బిడ్డా?"