మొదటి మెట్టు మీద మా బావ

మా బావకి నోట్లో నాలుక లేదని అందరూ అంటారు. అది అబద్ధం. నాలుక ఉంది, దాని మీద ఒకే ఒక్క మాట ఉంది: "బాగుందండి." కాఫీ చల్లారిపోయినా బాగుందండి. మంగలి ఒక పక్క ఎక్కువ కత్తిరించినా బాగుందండి. ఒకసారి బస్సులో ఎవరో ఆయన కాలు తొక్కితే, తొక్కినవాడు నోరు తెరిచేలోపే ఈయన "పర్లేదండి, బాగుంది" అనేశాడు. ఏం బాగుందో పాపం ఆ మనిషికి ఇప్పటికీ అర్థమై ఉండదు.

మా అక్క ఇందుకు సరిగ్గా వ్యతిరేకం. ఆవిడకి ఎండ బాగుండదు, వాన బాగుండదు, మబ్బు అసలే బాగుండదు. ఎవరైనా బావని ఏదైనా అడిగితే జవాబు అక్కే చెబుతుంది. దేవుడు ఇద్దరినీ కలిపి ఒక మామూలు మనిషిని చేద్దామనుకుని మధ్యలో పని వదిలేసి వెళ్ళినట్టున్నాడు.

బావా నేనూ ఒకే కంపెనీలో పనిచేస్తాం. ఆస్పత్రులకీ హోటళ్ళకీ యూనిఫారాలు కుట్టే కంపెనీ. నేను పై అంతస్తులో, సిబ్బంది వ్యవహారాలు చూసే గదిలో. ఆయన కింద కటింగ్ మాస్టర్. మామూలు కొలతల బట్టని మిషన్ కోస్తుంది. ఆ కొలతల్లో ఇమడని వాళ్ళు కొందరు ఉంటారు. మరీ పొడుగువాళ్ళు, మరీ లావువాళ్ళు, ఒక భుజం కిందికి దిగినవాళ్ళు. వాళ్ళ బట్టలు బావే సుద్దతో గీసి చేత్తో కత్తిరించాలి. ఆయన కత్తిరించిన చొక్కా వేసుకుంటే ఒంకర భుజం ఉన్నవాడు కూడా అద్దం ముందు రెండుసార్లు నిలబడతాడు.

అలాంటి చేతులకి కీళ్ళవాతం వచ్చింది. పొద్దున్న లేచేసరికి వేళ్ళు వాచి ఉండేవి. డాక్టరమ్మ మాత్రలు రాసింది. ఆ మాత్రలు మింగుతూ బావ పనికి వచ్చేవాడు, ఎవరడిగినా తన మాట తను చెప్పేవాడు. మాకు మాత్రం కళ్ళున్నాయి కదా. కత్తెర పట్టలేని రోజు వస్తే కంపెనీ ఆయన్ని బయటికి తొయ్యదు, గేటు దగ్గర కాపలాకి ఒక కుర్చీ వేస్తుంది. ఆ కుర్చీలో కూర్చోబెట్టినా బావ బాగుందండి అనే అంటాడు.

చివరికి రక్తపరీక్షా వాపూ చూసి డాక్టరమ్మ ఇంజెక్షన్ రాసింది. ఖరీదైన మందు. సొంత డబ్బుతో కొనాలంటే బావ జీతం, నా జీతం కలిపి అక్కడ పెట్టి, మేం గాలి పీల్చి బతకాలి. అయినా కంపెనీ వైద్య బీమా, అదే హెల్త్ ప్లాన్, ఉందిగా అని ధీమాగా మందుల షాపుకి వెళ్ళాం. షాపతను కంప్యూటర్ కేసి చూసి, "మీ ప్లాన్ ఒప్పుకోవడం లేదండీ" అన్నాడు.

"బాగుందండి," అన్నాడు బావ, సంచి మడుస్తూ.

ఏం బాగుంది నా మొహం! నేను ఆఫీసుకి వచ్చి ప్లాన్ పుస్తకం తీశాను. ఏటేటా సంతకాలు పెట్టించుకుని అందరికీ పంచేది నేనే. చాలామంది దాన్ని భోజనం క్యారేజీ కింద పరుచుకుంటారు. అందులో మందుల జాబితా మెట్లు మెట్లుగా ఉంటుంది. కింది మెట్టు మీద పాత మందులు, చవక మందులు. వాటికి మన జేబులోంచి పోయేది కాస్తే. పైకి వెళ్ళేకొద్దీ మన వాటా పెరుగుతుంది. అన్నిటికన్నా పైమెట్టు మీద ఇలాంటి ఇంజెక్షన్లు. దాన్ని అందుకోవాలంటే ప్లాన్ వాళ్ళ అనుమతి ముందే తీసుకోవాలి. ఆ అనుమతి రావాలంటే ముందు కింది మెట్టు మందు వాడి, అది పనిచెయ్యలేదని డాక్టర్ రాయాలి. మధ్యలో మెట్టు దూకడానికి లేదు.

సరే, బావ కింది మెట్టు మాత్రలు వాడాడుగా! వాపు అలాగే ఉందిగా! ఇంక పేచీ ఏమిటి? ప్లాన్ వాళ్ళకి ఫోన్ చేసి నిలదీశాను. అవతల అమ్మాయి చాలా మర్యాదగా చెప్పింది.

"మేడం, డాక్టర్ పంపిన వివరాల్లో ప్రతిసారీ ఒకటే ఉందండీ. మాత్రలతో బాగుందని పేషెంటే చెప్పారట. బాగున్నవాళ్ళకి మందు మార్చడం ఎందుకని ఆపారు."

నేను ఫోన్ పెట్టేశాను. మొహమాటానికి పోతే ఏమైందో ఒక సామెత ఉంది, మీకూ తెలుసు. బావ మగవాడు కాబట్టి ఆ ఒక్కటీ తప్పింది.

సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళి అడిగేశాను. "బావా, డాక్టరమ్మ ఎలా ఉందని అడిగితే ఏం చెప్పావు?"

"బాగుందన్నాను. ఆవిడ అంత ఆప్యాయంగా అడుగుతుంది అమ్మాయ్. మీ మందు పనిచెయ్యలేదని మొహం మీదే ఎలా అంటాం? నొచ్చుకోదూ?"

"ఆవిడ నొచ్చుకోకూడదని నీ వేళ్ళు విరగ్గొట్టుకుంటావా?"

"నే చెప్పానా!" అంది అక్క వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చి. "ఈసారి నేనొస్తా. నేను చెప్తా. ఆ డాక్టరమ్మకి చెవుల తుప్పు వదిలిపోవాలి."

"నువ్వు చెప్తే చెల్లదక్కా. ఆయన నోటితో ఆయనే చెప్పాలి. అడగందే అమ్మైనా పెట్టదు, ప్లాన్ వాళ్ళు పెడతారా?"

డాక్టరమ్మ మళ్ళీ పరీక్షించి కొత్తగా రాసి పంపితే ప్లాన్ వాళ్ళు ఇంకోసారి చూస్తారట. అందుకని భోజనాల బల్ల దగ్గర రిహార్సల్ పెట్టాం. నేను డాక్టరమ్మని. చున్నీని స్టెతస్కోపులా మెడలో వేసుకుని గొంతు సవరించుకున్నాను.

"ఎలా ఉన్నారండీ?"

"బాగున్నానండి. మీరెలా ఉన్నారు?"

"బావా!"

"సరే, సరే. కొంచెం... అంటే... పెద్దగా ఏం లేదండి, అలవాటైపోయింది. మీ పిల్లలు బాగున్నారా?"

అక్క గరిటె బల్ల మీద పడేసి వెళ్ళిపోయింది. చిలక్కి చెప్పినట్టు చెప్పామంటారు గానీ, చిలకైతే ఈపాటికి నేర్చుకునేది.

డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళే రోజు రానే వచ్చింది. ముగ్గురం వెళ్ళాం. అక్కచేత నోరు తెరవనని ఒట్టు వేయించి తీసుకెళ్ళాను. డాక్టరమ్మ బావ వేళ్ళని ఒక్కొక్కటే నొక్కి చూసి, "నొప్పి పదిలో ఎంత ఉంటుందండీ?" అని అడిగింది.

బావ చాలాసేపు ఆలోచించాడు. "రెండనుకోండి," అన్నాడు.

అక్క పెదాలు బిగించింది. ఆవిడైతే తలనొప్పికే పదికి ఎనిమిది వేసుకుంటుంది. నా ఆశలు జారిపోయాయి.

డాక్టరమ్మ తెలివైన మనిషి. కంప్యూటర్ వైపు నుంచి కుర్చీ ఇటు తిప్పుకుంది. "నొప్పి సంగతి వదిలెయ్యండి. మీ పని ఎలా చేస్తారో చెప్పండి. పొద్దున్న లేచిన దగ్గర్నుంచి."

పని గురించి అడిగితే బావ అబద్ధమాడలేడు. ఆయనకి పని విషయంలో మొహమాటం లేదు.

"లేవగానే స్నానాలగదిలో వేణ్ణీళ్ళు తిప్పి అందులో వేళ్ళు పెడతానండి. అవి మడవడానికి వచ్చేదాకా బయటికి రాను. మా ఆవిడ అరుస్తుంది, అంతసేపు ఏం స్నానమని. గుండీలు పెట్టుకోలేక నా చొక్కాలన్నిటికీ ప్రెస్ బటన్లు కుట్టించాను. ఇంట్లో ఫ్యాషన్ అని చెప్పాను. మందం బట్ట వస్తే పక్క బల్ల మాస్టరుకి ఇచ్చేస్తున్నాను, నువ్వైతే బాగా చేస్తావని పొగిడి. పల్చటిది నేను చేస్తా. అదీ రెండు చేతులతో. కుడిచెయ్యి కత్తెర మూస్తుంది, ఎడంచెయ్యి తెరుస్తుంది. అందుకే మిగతావాళ్ళు రాకముందే వచ్చి కత్తిరించేస్తాను."

ఆగాడు. తన చేతులకేసి చూసుకున్నాడు.

"మొన్న గీత తప్పానండి. ఇన్నేళ్ళలో ఎప్పుడూ తప్పలేదు. ఆ ముక్క ఎవరికీ కనపడకుండా దాచేశాను. భయమేస్తోందండి."

డాక్టరమ్మ ఆయన చెప్పింది చెప్పినట్టు టైపు చేసుకుంది. ఒట్టు వేసినా ఆగదనుకున్న మా అక్క కొంగుతో ముక్కు తుడుచుకుంటూ కూర్చుంది. నాకు బావ మీద ఎంత కోపం వచ్చిందో అంత ఏడుపూ వచ్చింది.

బయటికొచ్చాక అక్క ఒక్కటే అంది. "నేను రోజూ ఇంత వాగుతానే, అందులో మీకు ఒక్క మాట చెప్పే సందు దొరకలేదా?"

బావ ఏదో చెప్పి తప్పించుకోబోయాడు. అంతలో మనసు మార్చుకున్నాడు. "దొరకలేదు," అన్నాడు.

అనుమతి వచ్చింది. దానికీ నాలుగు ఫోన్లు చెయ్యాల్సొచ్చింది, అది వేరే భాగోతం. ఇంజెక్షన్ మంత్రమేమీ కాదు. మందం బట్ట ఇప్పటికీ పక్క బల్లకే వెళ్తుంది. కానీ పల్చటి బట్టకి ఒక్క చెయ్యి చాలుతోంది. ఈ మధ్య కింది అంతస్తుకి వెళ్ళినప్పుడు చూశాను, అందరూ ఉండగానే కత్తిరిస్తున్నాడు.

నేను ఇప్పుడు పుస్తకాలు పంచేటప్పుడు అందరికీ ఒక మాట చెబుతున్నాను: మెట్ల సంగతి తరవాత, ముందు డాక్టర్ దగ్గర నిజం చెప్పండి. అందరూ బుద్ధిగా తలూపి, పుస్తకాన్ని క్యారేజీ కింద పరుచుకుంటున్నారు.

మొన్న పొద్దున్నే వాళ్ళింటికి వెళ్ళాను. బావ మంచం మీద కూర్చుని, చిటికెన వేలు దగ్గర్నుంచి మొదలుపెట్టి ఒక్కో వేలూ ఎలా ఉందో అక్కకి చెబుతున్నాడు. ఉంగరం వేలు రాత్రి సలిపిందట. మధ్యవేలు నయమట. చూపుడువేలి దగ్గర ఆగి వెతుక్కుంటున్నాడు, దానికి సరైన మాట దొరకడం లేదు. జీవితంలో ఎవరి మాటా పూర్తి కానివ్వని మా అక్క, పొయ్యి ఆపేసి వచ్చి ఎదురుగా కూర్చుని, ఆయన ఆ మాట వెతుక్కునేదాకా నోరు మెదపకుండా ఉంది.