కాల్చిన రికార్డు

ఎమ్మెస్సీ మొదటి ఏడాది నా స్నేహితురాలి వృక్షశాస్త్రం రికార్డు దొంగిలించాను. అరవైల చివరి రోజులవి. ఆమె రైతుల ఇంటి పిల్ల. సీతాఫల్‌మండిలో గది తీసుకుని యూనివర్సిటీకి నడిచి వచ్చేది. మాస్టారు ఆమె వేసిన బొమ్మలు నాకు చూపించి "ఇట్లా వెయ్యమ్మా" అనేవారు. నెలల తరబడి ఆ మాట విన్నాను. ఒకరోజు ల్యాబ్ బీరువాలోంచి ఆ రికార్డు తీసి సంచిలో వేసుకున్నాను. తార్నాకలో మా ఇంటి నీళ్లపొయ్యిలో ఒక్కొక్క కాగితమే చించి వేశాను. అవేం కాగితాలని అమ్మ అడిగితే పాత నోట్సు అన్నాను.

రికార్డు లేనివాళ్లను ప్రాక్టికల్స్‌కు కూర్చోనివ్వరు. ఆమె పరీక్ష సెప్టెంబరుకు పోయింది. నన్ను పట్టుకునే ఏడ్చింది.

ఆ తరువాత చర్చిలో నెలకోసారి బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ప్రభు భోజనానికి నేను బెంచీ మీంచి లేవలేదు. రెండో నెలా అంతే, మూడో నెలా అంతే. తప్పిపోయిన గొర్రెను కాపరి వెతికి తెచ్చుకున్న కథ పాస్టరుగారు చెబుతుంటే చిరాకు పుట్టేది. ఆ గొర్రె ఎవరి పుస్తకమూ కాల్చలేదు.

చివరికి ఒక మధ్యాహ్నం అమ్మే అడిగింది. "బల్లకాడికి ఎందుకు పోతలేవు బిడ్డా?"

అంతా చెప్పేశాను. అమ్మ బియ్యం ఏరుతున్న చేట పక్కన పెట్టింది.

"దేవుడు నిన్ను ఎల్లగొట్టడు. నాతోని అబద్ధమాడిన నాడు గూడ ఎల్లగొట్టలే. గని గా పిల్ల కాడికి పోవాలె. నేను గూడ వస్త, పా."

వద్దని ఒక్కదాన్నే వెళ్లాను. స్నేహితురాలు గడపలోనే నిలబడి విన్నది.

"ల్యాబ్ ఊడ్చే అమ్మను అనుమానించిన నేను. ఆమె ఏడ్చింది. ఇప్పుడు ఆమెకు ఏం చెప్పాలె?" అని తలుపు వేసుకుంది.

ఆ సంగతి నాకు అంతవరకు తెలియదు. మర్నాడు మాస్టారికి చెప్పాను. ఆయన ముఖం తిప్పుకున్నారు. తరువాత ఊడ్చే అమ్మ దగ్గరికి వెళ్లాను. ఆమె చీపురు ఆపి విన్నది.

"నా ముందల నిలబడి చెప్పినవ్. గదే చాలు," అని మళ్లీ ఊడ్చుకుంటూ పోయింది.

తరువాతి నెల బల్ల దగ్గర మోకరించాను. దేవుడు క్షమించాడని నమ్మాను, ఇప్పటికీ నమ్ముతున్నాను. ఆ నమ్మకంతో పాటే సిగ్గు కూడా ఉండిపోయింది. నా స్నేహితురాలు క్షమించకముందే నాకు క్షమాపణ దొరకడం న్యాయమేనా అని ఎన్నోసార్లు ప్రార్థనలో అడిగాను. జవాబు రాలేదు. నన్ను పొమ్మనీ అనలేదు.

ఆమె సెప్టెంబరులో పాసైంది. నాతో మళ్లీ మాట్లాడలేదు. చదువు ముగిశాక వరంగల్‌లో ఉద్యోగం దొరికి వెళ్లిపోయిందని ఊడ్చే అమ్మ చెబితే తెలిసింది.