అవ్వ వేళ్ళలో దేవుడు

నా చిన్నప్పుడు మా ఇంట్లో దేవుడు మక్కజొన్న గింజలతో మాట్లాడేవాడు. బావి తవ్వాలన్నా, పిల్లకు వచ్చిన సంబంధం ఒప్పుకోవాలన్నా మా అవ్వ, అంటే మా బాపును కన్నతల్లి, దేవుడి పటాల ముందు చాటలో పసుపు కలిపిన మక్కలు పోసి, కళ్ళు మూసుకుని మూడు వేళ్ళతో చిటికెడు పట్టేది. బేసి వస్తే కానివ్వమని, సరి వస్తే వద్దని. చుట్టుపక్కల నాలుగూళ్ళ వాళ్ళు ఆమె దగ్గరికి వచ్చేవాళ్ళు. ఆ మాటకు తిరుగులేదు. అందరికంటే ఎక్కువగా ఆమే నమ్మేది.

ప్రత్యేక రాష్ట్రం కావాలని విద్యార్థులు రోడ్లెక్కిన సంవత్సరం అది, అరవై తొమ్మిది. నేను ఏడో తరగతి పాసై ఉన్నాను. బడులు నెలల తరబడి మూతబడ్డాయి. మళ్ళీ తెరిచారని తెలిసిన రోజు నా కాళ్ళు నేల మీద నిలవలేదు. ఎనిమిదిలో చేరాలంటే రేగొండ హైస్కూలుకు రెండు కోసులు, అంటే నాలుగు మైళ్ళు, నడవాలి. బాపు తటపటాయించాడు. రోడ్డు మీద బస్సులు ఆపుతున్నారు, రాళ్ళు పడుతున్నాయి, పైగా ఆడపిల్ల. వద్దని నా మొహం మీద అనలేక, గింజలు పట్టి చూడమని అవ్వకు చెప్పాడు.

నాలుగు వచ్చాయి. "దేవుడు వద్దంటుండు బిడ్డా" అంది అవ్వ. అంతే, నా చదువు అయిపోయింది. బాపు హమ్మయ్య అనుకోవడం నా కళ్ళతో చూశాను. వెక్కి వెక్కి ఏడ్చాను గానీ, ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. దేవుడి మీద కోపగించుకుంటే కళ్ళు పోతాయేమోనని భయం.

మర్నాడు మా చేనులో మక్కలు వేస్తున్నారు. బాపు ముందు నాగలి దున్నుకుంటూ పోతున్నాడు. అవ్వ వెనక సాలులో గింజలు వేస్తోంది. నేను మట్టి కప్పుతూ నడుస్తున్నాను. జానెడుకు రెండు గింజలు. ఒడిలోంచి తీస్తోంది, వేస్తోంది, పక్క చేనువాళ్ళతో ముచ్చట పెడుతోంది. సాలు వైపు చూడనే చూడదు. అయినా ఎక్కడా ఒకటి పడదు, మూడు పడవు. రాళ్ళ నేల దగ్గర మూడేయమని బాపు కేకేస్తే, సరిగ్గా మూడేసి పడ్డాయి. గట్టు వెంబడి పందులు తవ్వుకుపోతాయని తనే నాలుగేసి వేసింది. నాలుగు. నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి.

అరికాలి మంట నెత్తికెక్కిందంటారే, అది ఆ రోజే తెలిసింది నాకు.

"అవ్వా, నీ చేతి ఏళ్ళకు లెక్క ఎరుకేనా?" అని అడిగాను.

"నీ అంతప్పటి సంది ఏస్తున్న. ఎరుక లేకుంటే ఎట్ల?"

"మరి నిన్న నాలుగు పట్టింది దేవుడా, నువ్వా?"

అవ్వ చెయ్యి ఒడిలోనే ఉండిపోయింది. "దేవుడు నా ఏళ్ళల్ల లేడా?" అంది.

"ఉంటే మా బాపు మొఖం చూసి నాలుగే ఎందుకు పట్టిండు?" అన్నాను. పన్నెండేళ్ళ పిల్లకు అంత మాట ఎలా వచ్చిందంటే కోపమే తెచ్చింది.

కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. తన వేళ్ళను తనే అటూ ఇటూ తిప్పి చూసుకుంది. ఆమె కావాలని నన్ను మోసం చేయలేదు. కొడుకు భయపడుతున్నాడని ఆమెకు తెలుసు, ఆ భయం వేళ్ళకూ తెలిసింది, పేరు మాత్రం దేవుడికి పెట్టింది. అలా ఇంకెందరి విషయంలో పెట్టిందో ఆ సాలులో నిలబడి తలుచుకుని ఉంటుంది.

నాగలి ఆపించింది. పక్క చేనువాళ్ళు వింటుండగానే, "నిన్న వద్దన్నది దేవుడు కాదురా, నేను. నీ పరేషాన్ చూసి అన్న. పిల్లను తోలుడు నీకిష్టం లేకుంటే నీ నోటితోని చెప్పు. దేవుని మీద పెట్టకు" అంది.

బాపు మళ్ళీ నాగలి సాగించాడు. నన్ను చూస్తూ వద్దని చెప్పడం ఆయనకు చేతకాలేదు. మూడో రోజు తనే రేగొండకు తీసుకుపోయి చేర్పించాడు. గింజలు పట్టమని అవ్వ దగ్గరికి ఆ తర్వాత ఎవరూ రాలేదు. నలుగురిలో ఉన్న పెద్దరికం నా కోసం పోగొట్టుకుంది, ఆ మాట ఒక్కనాడూ నా దగ్గర ఎత్తలేదు.

ఆ నెలలోనే, ఉద్యమంలో తూటా తగిలి దవాఖానలో ఉన్న ఒక కాలేజీ పిల్లవాడు చనిపోయాడని కబురొచ్చింది. మా అరుగు మీద కూర్చున్న పెద్దమనుషులు, "దేవుడు వానికి గంతే రాసిండు" అని నిట్టూర్చారు. నాకు ఒళ్ళు మండిపోయింది. వాళ్ళ మధ్యకు వెళ్ళి, "తుపాకి పేల్చిన చెయ్యి ఎవలిది?" అని అడిగాను. పెద్దల్లో నీకేం పని అని బాపు గదమాయించాడు.

"అడగనియ్యి" అంది అవ్వ లోపలి నుంచి.



అంతా ముందే రాసి ఉంటుందో, మన చేతుల్లోనే ఉంటుందో తేల్చేంత చదువు నేను చదవలేదు. రోజూ దీపం పెడతాను, దండం పెడతాను. కానీ తాము చేసిన పనిని ఎవరైనా దేవుడి మీదికి తోస్తే మాత్రం, ఈ వయసులో, ఈ మోకాళ్ళ నొప్పులతో కూడా లేచి నిలబడి, చేసిందెవరని అడుగుతాను. పెళ్ళిళ్ళలో అడిగాను, చావుల దగ్గరా అడిగాను. ఈమెకు కోపం ఎక్కువని మా ఇంట్లోవాళ్ళే అంటారు. ఎక్కువే. దాన్ని తగ్గించుకోమని అవ్వ నాకు ఎన్నడూ చెప్పలేదు.