బ్రెల్టన్ దొర చీటీ

పదిహేనేళ్ల కిందట నేను ఒక కాగితం చదివి, అందులో ఏముందో ఎవరికీ చెప్పలేదు. స్వతంత్రం వచ్చిన ఐదో ఏట, వేసవిలో, ఆ కాగితం కోసమే ఉదయగిరి వైపు బయలుదేరాను.

బ్రెల్టన్ దొర విక్టోరియా రాణి కాలంలో ఉదయగిరి కొండను కొలవడానికి వచ్చిన సైనికాధికారి. తాను జ్వరంతో పడిపోతే, దారి చూపే పోలయ్య తనను కొండమీదే వదిలేసి పారిపోయాడనీ, ఒంటరిగా దిగి వచ్చాననీ తన పుస్తకంలో రాసుకున్నాడు. సీమకు, అంటే ఇంగ్లండుకు, తిరిగి వెళ్లాక ఎన్నికల సభల్లో అదే కథ చెప్పి పార్లమెంటు మెంబరయ్యాడు. ఆయన జీవితాన్ని బడిపిల్లల కోసం తెలుగులో రాసింది నేను.

నెల్లూరులో ఉదయం ఆరున్నరకు బస్సెక్కితే తొమ్మిదిన్నరకు ఆత్మకూరు చేర్చింది. అక్కడే తినేయడం మంచిది. ఉదయగిరి బస్సు పదకొండుకు గాని కదలదు, దారిలో మంచినీళ్లు కూడా దొరకవు. ఆ బస్సులో నా పక్కన ఒకాయన ఒళ్లో వల పెట్టుకుని కూర్చున్నాడు. నేను దిగే పల్లె పేరు చెప్పగానే నవ్వాడు.

"మా ఊరే సామీ! దొరను వదిలేసి పరిగెత్తినాడే పోలయ్య, వాడి ఊరు. మా పిల్లోళ్లు బళ్లో చదివినారు."

"ఆ ఇంటివాళ్లు ఎట్లా ఉన్నారు?"

"ఏంది ఉండేది? చెరువు చేపలు పంచేటప్పుడు మొదటి కుప్ప ఆ ఇంటికే ఇస్తా ఉండిరి. దొరను మోసుకొచ్చినాడని మా తాతల నాటి మర్యాద. పుస్తకం వచ్చినాక అదంతా అబద్ధమని తేలిపోయె. ఇప్పుడు ఆ ఇంటి అవ్వకి అందరికంటే చివర, మిగిలిందే."

నా పుస్తకం ఒక ఇంటి కూటిదాకా వస్తుందని ఎన్నడూ అనుకోలేదు.

ఒంటిగంటన్నరకు ఇద్దరం దిగాం. చెరువు కట్టమీద చేపలు కుప్పలు పోస్తున్నారు. పోలయ్య కూతురు మరియమ్మ గంప పట్టుకుని అందరి వెనక నిలబడి ఉంది. నన్ను చూడగానే గుర్తుపట్టింది.

"మా నాయన చీటీ చూసిపోయినోడివి కదా! అందులో ఏమీ లేదంటివే."

"ఇంకా ఉందా అమ్మా?"

"నాయన దాచినాడని నేనూ దాచినాను." ఇంటికి వెళ్లి బైబిలు పేజీల మధ్య నుంచి తీసుకొచ్చింది.

దొరలు పనివాళ్లకు రాసిచ్చే ఇంగ్లీషు చీటీ అది. ఆ పల్లెలో ఇంగ్లీషు చదవగలిగినవాళ్లు లేరు. కట్టమీద అందరికీ వినబడేలా తెలుగులో చెప్పాను: "పోలయ్య నన్ను వీపున మోసి కొండ దించాడు, ఇతని వల్లే బతికాను." కింద బ్రెల్టన్ సంతకం. దీన్ని పదిహేనేళ్ల కిందటే చదివానన్న సంగతి మాత్రం మళ్లీ మింగేశాను.

బస్సులో నాతో వచ్చిన వల ఆయనే వంగి, మొదటి కుప్పను రెండు చేతులా ఎత్తి మరియమ్మ గంపలో పోశాడు.

నాలుగింటికి తిరుగు బస్సు వచ్చింది. కిటికీ పక్కన కూర్చున్నాను. సీమలో ఓట్ల కోసం పుట్టిన అబద్ధానికి ఈ కట్టదాకా దారి చూపింది నేనే. మరియమ్మ కిటికీ దగ్గరికి వచ్చింది.

"ఆ పొద్దు కళ్లజోడు మరిచొచ్చినావేమోలే నాయనా. లేకుంటే చదివేవోడివే."

అవునంటే సరిపోయేది. బస్సు దిగాను. అది నా కోసం ఆగలేదు.

"కళ్లజోడు ఉందమ్మా. ఆ పొద్దే చదివాను. పుస్తకం అప్పటికే అచ్చుకు పోయింది. మార్చమంటే నా పరువు పోతుందని నీతో అబద్ధమాడాను. మీ నాయనను పిరికివాణ్ణి చేసింది నేనే. నన్ను క్షమించు."