ఎదిగే జుత్తుకి పెద్ద క్లిప్పు

మా అమ్మ నాకు ఒంటికి సరిపోయే వస్తువు ఏనాడూ కొనలేదు. ఎదిగే పిల్ల అనేది. గౌను కుట్టిస్తే అంచు లోపలికి బెత్తెడు మడత పెట్టించేది. చెప్పులు కొంటే ముందు భాగంలో గుడ్డపేలికలు కుక్కేది. గౌను ఒంటికి సరిపోయేసరికి వెలిసిపోయేది, చెప్పులు కాలికి పట్టేసరికి అరిగిపోయేవి. ఊళ్ళో పిల్లలందరిదీ అదే బతుకు కాబట్టి వాటిని చూసి ఎవరూ నవ్వలేదు. నవ్వింది క్లిప్పు దగ్గర.

మా ఊరు భావనపాడు వెళ్ళే దారిలో ఉంటుంది. వరి చేలు, కాస్త జీడితోట. అమ్మకు ఊళ్ళో పేరంతా జుట్టుతోనే వచ్చింది. విప్పితే మోకాళ్ళ వెనక తగిలేది, ఎవరి పిడికిట్లోనూ ఇమిడేది కాదు. ఆ సంగతి ఆవిడ మరిచిపోయేది కాదు, మమ్మల్ని మరిచిపోనిచ్చేది కాదు. పక్కింటి కోడలు పలచటి జడ వేసుకుని నీళ్ళకు వస్తే, ఆ పిల్లకు వినపడేటట్టే, "జుత్తున్నమ్మ ఏ కొప్పయినా పెడతాది" అనేది.

దువ్వుకున్నప్పుడు రాలిన వెంట్రుకల్ని వేలికి చుట్టి, ఉండ చేసి, పెరటి గోడ కన్నంలో దోపేది. మా వైపు జుత్తోడు వచ్చేవాడు. సైకిలుకు గంపా, సంచులూ కట్టుకుని "జుత్తుకి గిన్నెలూ, జుత్తుకి కిలిప్పులూ" అని కేకేసేవాడు. రాలిన జుట్టు చిన్న తక్కెడలో తూచి, దానికి బదులు పిన్నీసులో రబ్బరు బ్యాండ్లో ఇచ్చేవాడు. బాగా తూగితే స్టీలు గిన్నె. సవరాలకూ విగ్గులకూ ఎక్కడికో పంపుతారట. మా గోడ కన్నం ఖాళీ చేసుకుని వెళ్ళడానికి వాడికి సంచీలో చోటు చాలేది కాదు.

నాకు క్లిప్పు కావాలని ఏడ్చిన ఏడు, మొక్కు చెల్లించి గుండు చేయించాక మొలిచిన జుట్టు అప్పుడప్పుడే చెవుల కిందికి దిగింది. బడిలో తోటి పిల్లలు చెవి పక్కన చిన్న చిన్న క్లిప్పులు పెట్టుకొచ్చేవారు. నాకూ అలాంటిదే కావాలి. జుత్తోడు గంపలోంచి రెండు వేళ్ళంత ఎర్ర క్లిప్పు తీసి నా చేతిలో పెట్టాడు కూడా. అమ్మ అది లాక్కుని వాడి గంపలో పారేసి, రెండు వైపులా పళ్ళున్న నల్లటి పెద్ద క్లిప్పు తీసింది. ఇప్పుడు క్లచ్చరు అంటున్నారే, అది. ఆవిడ కొప్పుకు సరిపోయే సైజు.

"పిల్లకి ఇది పెద్దదయిపోద్దమ్మా" అన్నాడు జుత్తోడు.

"పిల్ల ఎదగదేటి? జుత్తు ఎదగదేటి? నాకిచ్చి నువ్వెల్లు" అంది అమ్మ.

నా తల మీద అది నిలవలేదు. జుట్టు మొత్తం పోగు చేసి పెట్టినా పళ్ళ మధ్య ఇంకో జడ పట్టేంత ఖాళీ ఉండేది. తల వంచితే ముందుకు, ఎత్తితే వెనక్కి జారేది. అమ్మ దానికొక ఉపాయం కనిపెట్టింది. పళ్ళు మాడులో దిగేదాకా నొక్కేది. నేను అబ్బా అంటే నెత్తి మీద మొట్టేది. "ఓర్సుకో. ఎదిగితే అదే సరిపోతాది."

బడి ప్రార్థనలో చేతులు జోడించి తల వంచాను. క్లిప్పు టప్పున నేల మీద పడింది. మగపిల్లలు దాన్ని కాలితో తన్నుకుంటూ గేటు దాకా తీసుకెళ్ళారు. ఆ తర్వాత నేను బడి వీధిలోకి వస్తుంటే, "ఒరే, కిలిప్పు నడిసొస్తన్నాది, కింద గుంటేమైనా ఉన్నాదేమో సూడండి" అనేవారు. గుంట అంటే మా వైపు ఆడపిల్ల. ఇంటికెళ్ళి చెప్పాను. అమ్మ నవ్వు ఆపుకోలేదు. కొంగుతో కళ్ళు తుడుచుకుని, మర్నాడు మళ్ళీ అదే క్లిప్పు నొక్కి పంపింది.

నా జుట్టు పెరిగింది. అది చెప్పకపోతే అన్యాయం. ఆదివారం ఆదివారం నూనె దిగ్గొట్టి, కుంకుడుకాయ పులుసుతో కళ్ళు మండేటట్టు రుద్ది, ఇరుకు పళ్ళ దువ్వెనతో తల వెనక్కి విరిగేటట్టు లాగి, మొత్తానికి నడుము దాటించింది. పొడవు వచ్చింది గానీ లావు రాలేదు. ఎలకతోక అనేది అమ్మ, నా జడ చివర పట్టుకుని చుట్టాలకు చూపిస్తూ. పెద్ద క్లిప్పు జారడం మానలేదు. ఆవిడ దాన్ని పెట్టడమూ మానలేదు.

విజయనగరంలో కాలేజీ హాస్టలుకు వచ్చాక గానీ నాకు క్లిప్పు శాస్త్రం బోధపడలేదు. జుట్టు పొడవు చూసి క్లిప్పు కొంటే ఏడవాల్సిందే. చూడాల్సింది లావు. జుట్టంతా వెనక్కి పోగు చేసి, ఒక మెలిక తిప్పి, బొటనవేలూ చూపుడువేలూ కలిపి దాని చుట్టూ పట్టుకోవాలి. ఆ గుండ్రంలో పట్టేంత క్లిప్పే మనది. దానికంటే పెద్దదైతే జారుతుంది, చిన్నదైతే స్ప్రింగు విరిగి ఎగిరిపోతుంది. మెడ దిగని జుట్టుకు పక్క పిన్నులు, భుజాలు దాటితే పైసగానికి చిన్న క్లిప్పు, నడుముకు వచ్చినా పలచగా ఉంటే మధ్య సైజు చాలు. కోటకు దగ్గర్లో ఒక ఫ్యాన్సీ షాపులో మధ్య సైజు క్లిప్పు కొని, పెట్టుకుని, ఆ అద్దం ముందే తల విదిలించాను. పడలేదు. షాపువాడు నాకేదో పట్టిందనుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది. అంతకాలం తప్పు నా తలది అనుకున్నాను మరి.

సెలవులకు వెళ్తే అమ్మ నా చుట్టూ తిరిగి దాన్ని చూసింది. "ఇదేటి, ఇంతదేనా? ఇంక నీకు ఎదగదని నువ్వే తీర్మానం సేసుకున్నావేటి?" అంది. "నీకు ఆశ లేదే గుంటా" అని కూడా అంది. నేను ఆ మాటకు లోపల్లోపల గర్వపడ్డాను. ఆశ ఉన్నవాళ్ళ క్లిప్పులు ఎక్కడ పడతాయో నాకు తెలుసు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మూడేళ్ళ కిందట అమ్మకు కిడ్నీలు పాడయ్యాయి. మా వైపు ఇంటికొకరు ఆ జబ్బు మనుషులే కాబట్టి ఎవరూ పెద్దగా ఆశ్చర్యపోలేదు. వారం వారం డయాలసిస్ మొదలయ్యాక జుట్టు రాలింది. దువ్వెనకు కాదు, చేతికే వచ్చేసేది. మోకాళ్ళ వెనక తగిలే జుట్టు భుజాలకు ఎక్కింది, నడినెత్తిన మాడు కనిపించింది. నాకు జాలి వేసింది. దాంతోపాటు ఇంకొకటి కూడా వేసింది, దానికి పేరు పెట్టను.

చివరిసారి చూపించినప్పుడు డాక్టరు అన్నయ్యనూ నన్నూ బయటికి పిలిచి, గుండె కూడా దెబ్బతిందనీ, ఏడాది గడిస్తే గొప్పేననీ చెప్పాడు. అమ్మకు చెప్పకూడదని మేమిద్దరం అనుకున్నాం. వదినకు మాత్రం చెప్పాం, అమ్మను రోజూ చూసుకునేది ఆవిడే కాబట్టి. ఆ రోజు నుంచీ ఇంట్లో అందరూ వచ్చే ఏడాది గురించే మాట్లాడేవారు. వచ్చే ఏడు జీడితోటకు కంచె వేయిద్దాం, వచ్చే ఏడు పెరటి గోడ కట్టిద్దాం. ఆవిడ తలూపేది.

ఈలోగా చీపురుపల్లిలో మేనమామ కొడుకు పెళ్ళి కుదిరింది. అమ్మ పెళ్ళికొడుక్కి మేనత్త, అందరి ముందూ పీటల దగ్గర నిలబడే మనిషి. నాకు ఫోను చేసింది.

"పెళ్ళికి ఒక కిలిప్పు తే అమ్మీ. పెద్దది."

"ఇప్పుడు నీ జుట్టుకి పెద్దది నిలవదమ్మా."

"ఎదుగుతాది. పెళ్ళికి ఇంకా టైమున్నాది."

ఫ్యాన్సీ షాపుకు వెళ్ళాను. పెద్ద క్లిప్పులు వరసగా వేలాడుతున్నాయి. కిందటిసారి వెళ్ళినప్పుడు అమ్మ తల నేనే దువ్వాను, నా రెండు వేళ్ళ మధ్య ఎంత వచ్చిందో నాకు గుర్తుంది. అరచేతిలో దాగిపోయే చిన్న క్లిప్పు తీసుకున్నాను. గోధుమరంగుది, మంచిదే, పళ్ళు నునుపుగా ఉన్నాయి. ఆవిడ జుట్టుకు అచ్చంగా సరిపోయేది ప్రపంచంలో అదొక్కటేనని నాకు నమ్మకం. బస్సులో దాన్ని తెరుస్తూ మూస్తూ ఊరికి వెళ్ళాను. జన్మలో మొదటిసారి మా ఇంట్లోకి సరైన సైజు వస్తువు వెళ్తోందని సంతోషంగా ఉంది.

అమ్మను అరుగు మీద కూర్చోబెట్టి, మెల్లగా దువ్వి, మెలిక తిప్పి, క్లిప్పు పెట్టాను. ఏదీ, తల ఊపు అన్నాను. ఊపింది. కదల్లేదు.

"కుట్టించినట్టు సరిపోయినాది అత్తా" అంది వదిన, వంటింటి గుమ్మంలోంచి.

అమ్మ చెయ్యి వెనక్కి పెట్టి క్లిప్పును తడిమింది. ఈ కొస నుంచి ఆ కొస దాకా, తర్వాత పళ్ళ మధ్య వేలు దూరుతుందేమోనని చూసింది. దూరలేదు.

"అవును. సరిపోయినాది" అంది.

వదిన లోపలికి వెళ్ళేదాకా ఊరుకుంది. అప్పుడు నా వైపు తిరక్కుండానే అడిగింది.

"డాక్టరు నీకేటి సెప్పినాడే?"

"ఏం చెప్తాడు? బాగానే ఉందన్నాడు."

"మరి ఎదగడానికి కూసింత జాగా ఉంచలేదేటి?"

అన్నయ్య చెప్పలేదు, వదిన చెప్పలేదు, డాక్టరు ఆవిడ ముందు నవ్వుతూనే ఉన్నాడు. నేను చెప్పేశాను, అదీ నా చేత్తో ఆవిడ తలలో పెట్టి. నాకు కోపం వచ్చింది. నా మీద కాదు, ఆవిడ మీద. చావు కబురైనా తిన్నగా వినదు, నా క్లిప్పులోంచి తవ్వి తీసుకుంటుంది.

"నిలిచేది తెచ్చానమ్మా, అంతే" అన్నాను.

"అవున్లే. నువ్వు ముందునుంచీ అంతే కదా" అంది. క్లిప్పు తీసి కిటికీలో పెట్టింది. మళ్ళీ ముట్టుకోలేదు.

పెళ్ళికి ముందురోజు నేను మళ్ళీ వెళ్ళేసరికి, ఆవిడ మంచం మీద తలగడ పక్కన నల్లటి పెద్ద క్లిప్పు ఉంది. కొప్పు కాలం నాటి సైజు. ఎక్కడిదని వదినను అడిగాను.

"ఆ జుత్తోడి కొడుకు వచ్చినాడు వదినా. ఇప్పుడు బండి మీద మైకెట్టుకుని వస్తన్నాడు" అంది వదిన. జబ్బు చేసినప్పటి నుంచీ రాలిన జుట్టంతా అమ్మ ఒక ప్లాస్టిక్ కవరులో కూరి దాచిందట. ఆ విషయం వదినకు కూడా తెలీదు. తక్కెడలో పెడితే బాగా తూగిందట. తెల్లది కలిసింది గనక చిన్న క్లిప్పే ఇస్తానని వాడంటే, "ఒరే, ఈ తల మీద జుత్తుతో మీ అయ్య సైకిలు నడిపినాడు" అని దెబ్బలాడి పెద్దది లాక్కుందట. రాలిపోయిన జుట్టంతా ఇచ్చి, ఆ జుట్టుకే సరిపోయే క్లిప్పు తెచ్చుకుంది.

"నవ్వుతారమ్మా" అన్నాను.

"నవ్వనీ. నిన్ను సూసి ఊరంతా నవ్వలేదేటి? నాను మానీసినానా?"

మానలేదు, అది నిజం.

చీపురుపల్లి కల్యాణమండపంలో ఆవిడ కొత్త చీర కట్టుకుని, ఆ క్లిప్పు పెట్టుకుని కారు దిగింది. మెట్లు ఎక్కుతుంటే క్లిప్పు ఒకసారి పడింది. పీటల దగ్గర పెళ్ళికొడుకు మీద అక్షింతలు వేయడానికి వంగినప్పుడు మళ్ళీ పడింది, ఈసారి జారుకుంటూ వెళ్ళి పెళ్ళికూతురి వాళ్ళ కాళ్ళ దగ్గర ఆగింది. ఒక చిన్న పిల్ల కిసుక్కున నవ్వింది. పెద్దవాళ్ళు నవ్వలేదు, జాలిగా చూశారు. అమ్మ జాలిని ఎప్పుడూ సహించలేదు. నేను గబగబా వెళ్ళి క్లిప్పు తీసి నా పర్సులో వేసుకోబోయాను.

"పెట్టు" అంది అమ్మ, కదలకుండా.

"నిలవదమ్మా. ఎందుకు నవ్వులపాలు?"

"నిలవకపోతే మళ్ళీ పెట్టు. నీకు ఎన్నిసార్లు పెట్టినాను నాను?"

మేళం గట్టిగా మోగుతోంది. అందరూ చూస్తున్నారు. ఉన్న కాసిన్ని వెంట్రుకలూ పోగు చేసి మెలిక తిప్పాను. క్లిప్పు తెరిచి పెట్టి, వదులుగా వదిలేస్తే మళ్ళీ పడుతుందని నాకు తెలుసు. చిన్నప్పుడు నా తల మీద ఆవిడ ఎలా నొక్కేదో అలాగే, బొటనవేళ్ళు రెండూ ఆనించి, పళ్ళు మాడులో దిగేదాకా నొక్కాను. చేతిలో కోపం ఉంది, దాచుకోలేదు. ఆవిడ కళ్ళు మూసుకుంది. అబ్బా అనలేదు.

"అదీ. అలాగ పెట్టాల" అంది.

తర్వాత అక్షింతల పళ్ళెం అందుకుని పెళ్ళికొడుకు వైపు వంగింది. నేను వెనకే నిలబడ్డాను.