నేను పొట్టిగా రాసిన చీటీ

మా అమ్మాయి కడుపుతో ఉంది, ఇప్పుడు ఆరో నెల. రక్తం తక్కువగా ఉందని డాక్టరమ్మ చెప్పినప్పటి నుంచి జనగామలోని మా వంటింట్లో రోజూ పొద్దున్నే నల్ల ఎండుద్రాక్ష ఉడుకుతోంది. కొంచెం తీపి, కొంచెం పులుపు, అడుగంటబోతున్న బెల్లం వాసన. గిన్నె మీద మూత తీసిన ప్రతిసారీ నేను జనగామలో ఉండను. స్టేషన్ ఘన్‌పూర్‌కు నాలుగు మైళ్ళ అవతల మా ఊళ్ళో, నాయనమ్మ కట్టెల పొయ్యి ముందు, తొమ్మిదేళ్ళ పిల్లనై గొంతుక్కూర్చుని ఉంటాను.

నెలకొక ఆదివారం మా చర్చిలో ప్రభు బల్ల ఉండేది. రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆ ఆచారానికి పుస్తకాల్లో పెద్ద పేర్లున్నా మా ఊళ్ళో అందరూ ఒట్టి బల్ల అనే అనేవారు. రసం సీసాల్లో కొనుక్కునే కాలం కాదది. సంఘ పెద్ద మా తాత గనక రసం కాచే పని మా ఇంటిదే. ముందురోజు పొద్దున నాయనమ్మ తలస్నానం చేసి, పొయ్యి అలికి, స్టేషన్ బజారు నుంచి తెచ్చిన ఎండుద్రాక్షను మెత్తబడేదాకా ఉడికించి, ఉతికిన పంచె గుడ్డలో వేసి పిండితే రసం పింగాణీ కూజాలోకి, పిప్పి పిల్లల నోళ్ళలోకి పోయేది. వానలు తగ్గి సీతాఫలాలు కళ్ళు విప్పే రోజుల్లో అయితే ఇక చెప్పక్కర్లేదు. ఒక చేతిలో పిప్పి, ఒక చేతిలో గడ్డిలో మాగేసిన సీతాఫలం, కాల్చిన మక్క కంకి పట్టుకోవడానికి మూడో చెయ్యి లేదే అని ఏడ్చినంత పని చేసేవాళ్ళం.

చర్చి అంటే గూనపెంకుల కప్పు, మట్టి గోడలు, అలికిన నేల. గంటకు బదులు వేపకొమ్మకు వేలాడదీసిన రైలు పట్టా ముక్క. మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క ఈతచాపల మీద కూర్చునేవారు, మేం పిల్లలం నడుమ కూర్చుని తలలు వంచినట్టు నటిస్తూ ఒడిలో గచ్చకాయలు ఆడేవాళ్ళం. పాసింజరు రైలు దూరంగా కూత పెడితే తాత ప్రార్థన ఆపి, అది పోయేదాకా కళ్ళు మూసుకునే నిలబడి, వదిలిన మాట దగ్గరే మళ్ళీ అందుకునేవాడు. ఇంటి దగ్గర మేకల్ని అదిలించేటప్పుడు అచ్చం మా ఊరి మాట మాట్లాడే మనిషి, ప్రార్థనకు లేచేసరికి నోటి నిండా పుస్తకాల భాషే. దేవుడికి మన మాట రాదా తాతా అని ఒకసారి అడిగి, మొట్టికాయ తిన్నాను.

ఆ చర్చిలో నాకొక ఉద్యోగం ఉండేది. మనవులు ఉన్నవాళ్ళు చీటీ మీద రాయించి, కిటికీలో పెట్టిన రేకు డబ్బాలో వేస్తే తాత ఆదివారం వాటిని పైకి చదివి ప్రార్థన చేసేవాడు. చదువు రాని ఆడవాళ్ళు నాతో రాయించుకునేవారు. గోడ క్యాలెండరు నుంచి రోజుకొకటి చింపే అరచేతంత కాగితం వెనకవైపే మా చీటీ. ఎద్దుకు గాలికుంటు వచ్చింది, అల్లుడు తాగుడు మానలేదు, వరి ఎర్రబడింది, ఇవీ మనవులు. వాళ్ళు పావుగంట చెప్పింది నేను రెండు వరుసల్లో ముద్దుగా, గుండ్రంగా రాసేదాన్ని. "నా మనుమరాలు పొట్టిగ రాస్తది, దేవునికి సుత అలుపు రాదు" అని తాత నలుగురిలో మురిసిపోతే నాకు కాళ్ళు నేల మీద ఆనేవి కావు.

ఆ ఏడు మా చర్చిలో ప్రతి ఆదివారం చదివే చీటీ ఒకటి ఉండేది. అది రాజమ్మది. రాజమ్మ బయ్యారం దిక్కు నుంచి మా ఊళ్ళోని చెల్లెలి ఇంటికి వచ్చి ఉంటోంది. పొలం గట్టు తగాదాలో మనిషిని నరికాడని ఆమె కొడుక్కి ఉరిశిక్ష పడింది. ఆ ముసలామె నోరు విప్పి ఏడవడం కూడా నేనెప్పుడూ చూడలేదు. చర్చిలో చివరి చాప మీద కూర్చుని చీరకొంగును మడతలు పెట్టడం, విప్పడం, మళ్ళీ మడతలు పెట్టడం, అంతే.

ఆమె కొడుక్కి క్షమాభిక్ష కోరుతూ తాత ఒక అర్జీ రాయించి, వేలిముద్రల కోసం సిరా దిండు సంచిలో వేసుకుని ఊరూరా తిరిగాడు. ఇటు లింగాల ఘనపూర్ నుంచి అటు మానుకోట దాకా బస్సుల్లో, బస్సు లేనిచోట కాలినడకన పోయాడు. సంఘంలో అందరికీ అది నచ్చలేదు. తాతతో సమానంగా కూర్చునే యాకోబు పెద్దయ్య ఒకరోజు చర్చి అరుగు మీదే నిలదీశాడు.

"పాణం తీసినోనికి పాణమే ఇయ్యాలె. గది దేవుడు పెట్టిన లెక్కనే గదా?"

"వాన్ని సంపితే ఇగ వాడు మారుమనస్సు పొందేదెప్పుడు?" అన్నాడు తాత. "ఇంకోటి చెప్పు. సాక్షి చెప్పిన మాట మీద ఉరేసిండ్రు. రేపు సాక్షి అబద్దమాడిండని తేలితే ఆ పాణం మళ్ళ తెచ్చిస్తవా? మనిషి మాట మీద మనిషి పాణం తీసుడు నేను ఒప్పుకోను."

అరుగు పక్కన తొక్కుడు బిళ్ళ ఆడుతూ ఆ మాట విన్నాను. మా తాత ఎంత గొప్పవాడో అనుకున్నాను. ఇప్పటికీ ఆ మాట గొప్పదే అంటాను.

బతుకమ్మ రోజుల్లో, ఊరు ఊరంతా తంగేడు పూల కోసం పొలాల మీద పడ్డ సమయంలో, మా మేనత్త సుగుణమ్మ భూపాలపల్లి నుంచి వచ్చింది. తాతకు పెద్దబిడ్డ. చిన్నప్పుడు మేకల వెంట పంపారు గానీ బడికి పంపలేదు. మామయ్య బొగ్గు బావిలో పనిచేసేవాడు. ఎప్పుడొచ్చినా నన్ను ఎత్తుకుని తిప్పే అత్తమ్మ ఈసారి గోడ పట్టుకుని నడిచింది. మూడో నెలలో కడుపు పోయిందని నాయనమ్మకు చెప్పింది. నాయనమ్మ సర్వపిండి పెట్టి, వేడినీళ్ళు పోసి, మంచం నీడకు మార్చి, ఎండకు మార్చి, నానా తంటాలు పడింది. అత్తమ్మ తినేది, పడుకునేది, అంతే.

ఒక శనివారం ఇంట్లో ఎవరూ లేనప్పుడు నన్ను మంచం దగ్గరికి పిలిచింది.

"జర చీటీ రాయి బిడ్డా. దేవా, నా గుండె మంచిగ లేదు, ఈ కాన్పయితే బతుకవని పెద్ద దవాఖాన డాక్టరు చెప్పిండు. ఉన్న ఇద్దరు పిల్లలు ఆగమైతరని కడుపు తీయించుకున్న. పోయినోళ్ళు పోయిండ్రనుకుందామంటే ఆ బిడ్డ రోజు యాదికొస్తుంది. నన్ను మన్నించు. గిట్ల రాయి."

కడుపు తీయించుకోవడమంటే పన్ను తీయించుకోవడంలాంటిదే అనుకున్నాను. ఇంత పొడుగు మాట అరచేతి కాగితం మీద పట్టదు. పట్టించాలంటే అక్షరాలు చిన్నవి చేయాలి, చిన్నవి చేస్తే గుండ్రంగా రావు. డాక్టరు సంగతి, గుండె సంగతి, పిల్లల సంగతి వదిలేశాను. మామూలుగా ఇలాంటి చీటీల మీద పేరు రాయకూడదు. కానీ పేరు లేకపోతే ఎవరిని మన్నించాలో దేవుడికెలా తెలుస్తుందని నా తెలివి ఉపయోగించి పేరు చేర్చాను. 'సుగుణమ్మ కడుపు తీయించుకున్నది. మన్నించుము ప్రభువా.'

"అంత రాసినవా?" అని అడిగింది అత్తమ్మ.

"రాసిన," అన్నాను.

మర్నాడు బల్ల ఆదివారం. తాత ఒక్కొక్క చీటీ తీసి చదువుతూ దీన్నీ తీసి, మొదటి మాటలు పైకి చదివేసి, ఆగిపోయాడు. రైలేదీ రాలేదు. ఆడవాళ్ళ చాపల మీద తలలన్నీ అత్తమ్మ వైపు తిరిగాయి. ఆమె నా వైపు చూసింది. కోపం లేదు ఆ చూపులో, ఏమిటిది అన్నట్టు చూసింది.

సోమవారం పొద్దున చర్చిలో పెద్దలు కూర్చున్నారు: తాత, యాకోబు పెద్దయ్య, ఇంకొకాయన. అత్తమ్మను నిలబెట్టారు. చీటీ రాసినదాన్ని గనక నన్నూ పిలిచారు. అత్తమ్మ జరిగిందంతా చెప్పింది. యాకోబు పెద్దయ్య నమ్మలేదు.

"మొదలు కడుపు పోయిందన్నవ్. ఇప్పుడు డాక్టరు తీయాలన్నడంటున్నవ్. ఏది నమ్మాలె?"

ఆమె దగ్గర దవాఖాన కాగితం లేదు. అత్తింట్లో చూస్తారని చింపేసింది. మొగుడు పెళ్ళాం మాటే చెప్తాడు గనక మామయ్యను అడిగి లాభం లేదన్నారు. తాత అన్నాడు, "తల్లి పాణం పోతదంటే అది వేరే ముచ్చట. నేను సుత కాదనను. కానీ ఆ మాట దేవునికి చెప్పుకునే చీటీల ఎందుకు లేదు?"

"రాయమన్న నాయినా. పోరికి అంత చెప్పిన."

తాత నా వైపు తిరిగాడు. "చెప్పిందా బిడ్డా?"

ముగ్గురు పెద్దమనుషులు నన్నే చూస్తున్నారు. చెప్పింది, నేనే రాయలేదు అంటే నా ఉద్యోగం పోతుంది. పొట్టిగా రాస్తుందని మురిసిన తాతే తిడతాడు. ఆ క్షణంలో నాకు తోచింది అదొక్కటే.

"చెప్పలే," అన్నాను.

తాత లేచి, నా బిడ్డ అని వదిలేస్తే రేపు ఊరి బిడ్డల్ని ఏ మొహంతో అడుగుతానని, ఆమెకు బల్ల ఆపుతున్నట్టు చెప్పాడు. మా సంఘంలో దానికొక పద్ధతి ఉండేది. ఏ పెద్ద బల్ల ఆపాడో ఆ పెద్దే ఒకరోజు వచ్చి, చెయ్యి పట్టుకుని, అందరి ముందూ ఆ మనిషిని మళ్ళీ బల్ల దగ్గరికి తీసుకుపోవాలి. అప్పటిదాకా ఆ మనిషి వెనక కూర్చోవాలి. కొందరికి మూడు నెలలు పట్టేది, కొందరికి ఏడాది పట్టేది.

క్రిస్మస్‌కు ముందు రాజమ్మ కొడుకు ఉరి తప్పింది, యావజ్జీవం చేశారని కబురొచ్చింది. చర్చిలో కృతజ్ఞత ప్రార్థన పెట్టారు. రంగు కాగితాల తోరణాలు, గంగాళం నిండా పులిహోర, మక్క గారెలు, పిల్లలకు జేబుల నిండా బొంగు పేలాలు, బత్తీస మిఠాయిలు. రాజమ్మ మొదటిసారి పెద్దగా ఏడ్చింది. తాత ఆమె తల మీద చెయ్యి వేసి తానూ ఏడ్చాడు. మందుల కోసం ఇంకా మా ఇంట్లోనే ఉన్న అత్తమ్మ చివరి చాప మీద, ఇన్నాళ్ళూ రాజమ్మ కూర్చున్నచోటే కూర్చుని ఉంది. అందరూ వెళ్ళిపోతుంటే తాత దగ్గరికి వచ్చింది.

"రాజమ్మ కొడుకును మన్నియ్యమని ఊరూరు తిరిగినవ్. మంచిగ చేసినవ్ నాయినా. నా మాట ఒక్కటి నమ్మకపోతివి."

నేను అక్కడే ఉన్నాను. నోటినిండా బత్తీస ఉంది. అప్పుడైనా చెప్పి ఉండొచ్చు.

ఆ తర్వాత ఆమె మా ఊరి చర్చికి రాలేదు. తాత కబురు పంపాడో లేదో నాకు తెలియదు. నేను హైస్కూలు, కాలేజీ, టీచరు ట్రైనింగు అంటూ తిరుగుతున్న ఏళ్ళన్నిటిలోనూ సెలవులకు వచ్చి తాత మంచం పక్కన కూర్చునేదాన్ని. ఆయన చూపు మందగించింది, నాతోనే వాక్యం చదివించుకునేవాడు. వందసార్లు చెబుదామనుకున్నాను. ముసలాయన్ని ఇప్పుడు బాధపెట్టడం ఎందుకని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అది ఆయన మీద జాలి కాదు, నా పిరికితనం. ఆయన అలాగే పోయాడు.

తాత పోయాక భూపాలపల్లి వెళ్ళాను. అత్తమ్మ క్వార్టరు ముందు చింతపండు గింజలు తీస్తూ కూర్చుంది. జుట్టంతా నెరిసింది. పక్కన కూర్చుని చేతిలో ఒక చింతపండు తునక తీసుకుని, గింజ తీస్తూ, ఎట్టకేలకు చెప్పాను. అబద్ధం నేనే ఆడానన్నాను.

"నాకెర్కనే గదా," అంది తలెత్తకుండా. "తొమ్మిదేండ్ల పోరివి. నీ మీద కోపం నాకెన్నడు లేదు." గింజ తీస్తూనే అడిగింది, "మీ తాతకు చెప్పినవా?"

"లే."

చేతిలోని గింజను పళ్ళెంలో వేసింది. "ఆయనకు చెప్పాల్నుండె బిడ్డా. నాకెర్కున్నది నాకే చెప్తే ఏమొస్తది?"

భూపాలపల్లిలో ఆమె వేరే చర్చికి పోయేది. అక్కడి పాస్టరు ఎన్నిసార్లు పిలిచినా బల్ల దగ్గరికి పోలేదు. ఆపిన మనిషే చెయ్యి పట్టుకుని తీసుకుపోవాలనేది. రెండేళ్ళ కిందట గుండెపోటుతోనే పోయింది.

ఇప్పుడు మా ఊళ్ళో ఆ పెంకుల చర్చి లేదు. మార్బుల్ వేసిన హాలు, మైకులు, కుర్చీలు వచ్చాయి. మనవులు ఫోనుకే పంపుతారు, ఎంత పొడుగైనా పంపొచ్చు. మొన్న ఆ హాల్లో యువకుల కూటం పెట్టి, గర్భస్రావం గురించీ ఉరిశిక్ష గురించీ క్రైస్తవులేమనాలో చెప్పండి మేడమ్ అని నన్ను పిలిచారు. పిల్లలు చక్కగా మాట్లాడారు. ప్రాణం దేవుడిదన్నారు, రెండింటికీ ఒకటే జవాబన్నారు కొందరు, కాదన్నారు కొందరు. నా వంతు వచ్చేసరికి నాకు తెలిసిన రెండు ప్రాణాల సంగతి చెప్పలేక, గొంతు బాగాలేదని కూర్చుండిపోయాను.

కూటం అయ్యాక పాస్టరుగారితో మాత్రం అంతా చెప్పాను. కుర్రవాడు, మంచివాడు, ఓపిగ్గా విన్నాడు. సాక్షి అబద్ధమాడిందని, సుగుణమ్మకు బల్ల ఆపడం తప్పని, వచ్చే ఆదివారం నలుగురిలో ఒక మాట చెప్పమని అడిగాను.

"అసలు ఇప్పుడు ఎవ్వలికి బల్ల ఆపుతలేం గదా మేడమ్," అన్నాడు. "ఆ పద్ధతే పోయింది. ఇగ నేను ఏం తీసేసినట్టు చెప్పాలె?"

అతనన్నది నిజమే. ఆపే పద్ధతి పోయింది, చెయ్యి పట్టుకుని తిరిగి తీసుకుపోయే పద్ధతి కూడా దానితోనే పోయింది. మా అత్తమ్మ మాత్రం నేను ఆపినచోటే ఉండిపోయింది.