చల్లారిన పొయ్యి

తడిసిన బూడిద వాసన తగలగానే మరియమ్మ టీచర్ గుర్తొచ్చింది. ఈ ఉదయం బహదూర్‌పురాలో, కొత్తగా లేస్తున్న మేడల వెనక టార్పాలిన్ గుడిసెల ముందు ఉన్నాను. నాతో సర్వేకు వచ్చిన కొత్త సారు ప్రతి గుడిసె ముందూ ఆగి, తిన్నారా అమ్మా అని అడిగి, ఫోనులో అవునో కాదో నొక్కుతున్నాడు. అందరూ తిన్నామనే అంటున్నారు. నాకు ఒళ్లు మండింది.

మా అంగన్‌వాడీని మరియమ్మ టీచర్ నడిపేది. నేను ఆమె దగ్గర ఆయాగా చేరాను. ఆమెది పెద్ద నోరు; గుడ్లు చిన్నవి వస్తే గల్లీ అంతా వినపడేలా అరిచేది. చేరిన కొత్తలో ఓ రోజు ఖాళీ కడుపుతో పనికి వెళ్లాను. తిన్నావా అని ఆమె అడగలేదు. "పొద్దుగాల పొయ్యి ముట్టించినవా?" అంది. తిన్నానని అబద్ధం చెప్పడానికి సిద్ధంగా ఉన్న నేను తల అడ్డంగా ఊపాను. కిచిడీ గిన్నె నా ముందుకు తోసింది. తిన్నావా అంటే పరువున్న మనిషెవరూ లేదనరని తర్వాత చెప్పింది.

ఆ ఏడు నల్లమల నుంచి చెంచు కుటుంబాలు కూలికి వచ్చాయి. అడవిలో గడ్డలు తవ్వుకుని తిన్నవాళ్లు ఇక్కడ పునాదులు తవ్వారు. పని ఆగిన రోజు పస్తే. టీచర్ వాళ్ల పిల్లలకూ మా దగ్గర ఉన్నదాంట్లోనే పెట్టింది. అది తెలిసి పైనుంచి ఓ సారు వచ్చాడు. గుడిసెల దగ్గర తిన్నారా అని అడిగాడు. తిన్నామన్నారు. ఇక్కడ ఆకలేమీ లేదని, వీళ్ల వాటా వీళ్ల ఊరికే పోతుందని తేల్చేశాడు.

"పిల్లగాండ్లు ఈడున్నరు, గుడ్డు ఆడుంటే ఎట్ల తింటరు సార్? ఒక్కపారి గా పొయ్యిల చెయ్యి పెట్టుర్రి" అంది టీచర్.

ఈదమ్మ అనే చెంచు తల్లి పొయ్యి అది. సారు వేళ్లు పెట్టాడు. బూడిద వానకు ముద్దయి, చల్లగా ఉంది. ఆ వారమే ఆ పిల్లలకూ గుడ్లు వచ్చాయి. కానీ ఈదమ్మ ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోవడం నేను చూశాను. పిల్లాడి నోటికి ఒక గుడ్డు అందాలంటే తల్లి పొయ్యి బజారున పడాలా? సిగ్గుపడాల్సినవాళ్లు జీపెక్కి వెళ్లిపోయారు.

సాయంత్రం టీచర్ బియ్యం పట్టుకుని వెళ్లింది. "నీ పొయ్యి నలుగుర్ల పెట్టిన బిడ్డా, మనసుల పెట్టుకోకు" అంది. ఈదమ్మ అన్నం వండి, మొదటి ముద్ద టీచర్ చేతిలో పెట్టింది.

టీచర్ ఇప్పుడు లేదు. ఆమె కుర్చీలో నేనున్నాను. అందరూ తిన్నారు మేడమ్, పోదామా అన్నాడు కొత్త సారు. నీ పొయ్యిలో చెయ్యి పెట్టనా అని పక్క గుడిసె తల్లిని చెవిలో అడిగాను. ఆమె సరేనని తలూపింది. వంగి పొయ్యిలో చెయ్యి పెట్టాను. ఆయన ఫోనులో 'అవును' మీద వేలు పెట్టబోతుంటే, బూడిద అంటిన నా అరచేతిని ఆ ఫోను మీద పరిచాను.